ఖాళీ గడిలో 20.9

మధ్యాహ్నం రెండూ నలభైకి బిక్షపతి శవాన్ని ట్యాంకులోంచి పైకి తీశారు.

నాచారంలో ఒక మందుల కంపెనీ. సాల్వెంట్ ట్యాంకు కడగడానికి రెండూ పదికి లోపలికి దిగాడు. దిగినవాడు దిగినట్టే కూలిపోయాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. లోపల ఆక్సిజన్ లేదు. అంతే.

నాలుగున్నరకి ఎస్సై ప్రవీణ కంట్రోల్ రూమ్‌లో కూర్చుంది. ఆరు నెలల్లో ఈ పారిశ్రామికవాడలో ఇది మూడో చావు. మూడుసార్లూ కంపెనీలది ఒకటే మాట. కార్మికుడి నిర్లక్ష్యం!

"కంప్యూటర్ చూడండి మేడమ్," అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ మురళీధర్.

స్క్రీన్ మీద ఎక్సెల్ షీట్. అరగంటకో వరస. టైమ్, రీడింగ్ తీసినవాడి పేరు, ఆక్సిజన్ శాతం.

"ఒంటిగంటన్నరకి కొమురెల్లి. రెండింటికీ కొమురెల్లే. మీటరు పెట్టకుండానే, మామూలు గాలిలో ఉండేంత, 20.9 అని కొట్టేశాడు. అది నమ్మే నేను ట్యాంకులోకి దిగడానికి పర్మిట్ ఇచ్చాను."

మూలన కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ కొమురెల్లి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

"నేను కొట్టలే మేడమ్! గడి ఖాళీగ ఇడిసిన!"

"మరి పేరెందుకు కొట్టినవ్?" అడిగింది ప్రవీణ.

"డ్యూటీ ఎక్కంగనే షిఫ్టు అయ్యేదాక, నాలుగింటిదాక, పేర్లు కొట్టిపెడ్తం. అందరం గట్లనే జేస్తం. రీడింగ్ తీసినంక అంకె ఏస్తం."

"బిక్షపతి దిగేటప్పుడు ఏడున్నవ్?"

"డ్రమ్ములు దించమని ఈ మురళీధర్ సారే గేటుకాడికి పంపిండు. ఆయన మా బావ మేడమ్! మా సరితక్క గేటు బయట నన్ను హంతకుడంటున్నది. ఏం మొఖం పెట్టుకొని బయటికి పోవాలె?"

శవం జేబులో దొరికిన చీటీని ప్రవీణ మళ్లీ చూసింది. ఉప్పల్‌లోని రిపేర్ షాపు రసీదు. ఆక్సిజన్ కొలిచే గ్యాస్ మీటర్ ఒకటి రిపేరుకి ఇచ్చినట్టు ఉంది. సమయం 12:38.

"మీ దగ్గర మీటర్లెన్ని?"

"ఒకటే," అన్నాడు మురళీధర్.

"పన్నెండున్నర వరస చదవండి."

"బిక్షపతి. 20.9."

"అప్పుడు బిక్షపతి ఉప్పల్‌లో ఉన్నడు. మీటరూ ఆడనే ఉన్నది. ఈ అంకె ఉప్పల్ నుంచి కొట్టిండా?"

"వెళ్లే ముందే కొట్టేసి ఉంటాడు."

"పదకొండున్నరకి 15.1. మీటరు పాడుకాంగనే 20.9. పేరున్న గడులన్నీ నిండినయ్. ఒంటిగంటకి లంచ్, ఎవరి పేరూ లేదు. షిఫ్టు మొత్తంల ఆ గడి ఒక్కటే ఖాళీ. మనిషి అబద్ధం రాస్తే ఇంత పద్ధతిగ రాయడు."

ఆమె కీబోర్డు లాక్కుంది. సాయంత్రం ఐదు గంటల వరసలో బిక్షపతి అని కొట్టింది. అంకె వేయలేదు. మౌస్‌ని షీట్ కింద ఉన్న పర్మిట్ బటన్ మీదికి జరిపింది.

"మేడమ్, అది నొక్కొద్దు!" మురళీధర్ అరిచాడు.

"ఎందుకు?"

అతను మౌస్ కోసం చేయి చాపాడు.

ప్రవీణ నొక్కింది.

ఖాళీ గడిలో దానంతటదే అంకె పడింది. 20.9.

"మాక్రో! షీట్ల దాచిన ప్రోగ్రామ్. పేరుండి అంకె లేకపోతే 20.9 నింపుతది. పేరు లేకపోతే వదిలేస్తది. పేరు పక్కన ఖాళీ ఉంటే పర్మిట్ రాదు, పర్మిట్ లేకపోతే పని ఆగుతది. ఈ ఫైల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"నా... ఒక్కడి దగ్గరే."

"మీటరు లేదు గదా అని బిక్షపతి అడగలేదా?"

"అడిగాడు." మురళీధర్ తల దించుకున్నాడు. "పక్క యూనిట్ మీటరు తెచ్చి చూశామని అబద్ధం చెప్పాను. పావుగంట పనే కదా అనుకున్నాను మేడమ్..."

ప్రవీణ బల్ల మీద చరిచింది. టీ గ్లాసు ఎగిరి కింద పడి పగిలింది.

"కొమురెల్లీ, మీ అక్క దగ్గరికి పో. నేను పంపిననని చెప్పు."

అతను ఏడుస్తూ గేటు వైపు పరిగెత్తాడు.

అప్పుడే ప్రింటర్ కదిలింది. ఒక కాగితం బయటికొచ్చింది. ఐదు గంటలకు బిక్షపతి రీడింగ్ తీశాడు, ట్యాంకులోకి దిగవచ్చు అని పర్మిట్!

ప్రవీణ దాన్ని మురళీధర్ ముందు పెట్టి, పెన్ను అతని చేతిలో కుక్కింది.

"మనిషి మార్చురీల ఉన్నడు. సంతకం పెట్టు. మధ్యాహ్నం పెట్టినట్టే పెట్టు."