బ్రేకు బిగించిన బండి

సౌదీలో బురైదా ఊరి బయట, ఖర్జూర తోటల నడుమ, కఫీలు, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని, తన పాత మోటారు సైకిళ్ళు దాచుకునే షెడ్డు ఉంది. అందులో మెకానిక్కు కడప ఖయ్యూమ్. శనివారం అతని కూతురు ఫర్జానాకి గుండె ఆపరేషను. ఇంటికి పోవాలంటే కఫీలు ఎగ్జిట్, అంటే దేశం దాటే అనుమతి, ఇవ్వాలి. అడిగినప్పుడల్లా "బుక్రా" అంటాడు. రేపట. ఆ రేపు నెలరోజులుగా రాలేదు.

చివరికి ఆయనే ఒక బేరం పెట్టాడు. వేలంలో కొని తెప్పించిన పందెం బండిని మట్టి ట్రాకు మీద నాలుగు చుట్లు తిప్పి వీడియో పంపితే, అప్పుడే ఎగ్జిట్.

తొంభై ఏళ్ళ నాటి బండి అది. దానితో ఓ తెల్లాయన ఓడలెక్కి దేశదేశాలూ తిరిగి పందేలు గెలిచాడట. ఇదొక్కటీ అయ్యాక ఇంటికి పోదామనుకున్న పందెంలో, ముందువాడు పడిపోతే వాణ్ణి గుద్దుకుని ప్రాణం వదిలాడు.

ఇక్కడొకటి తెలుసుకోవాలి. ఆ పందెం బళ్ళకి బ్రేకులే ఉండవు. ముందువాడు చటుక్కున ఆగితే వెనకవాడు వచ్చి గుద్దుతాడు కదా, అందుకని. ఖయ్యూమ్‌కి ఆ సంగతి తెలీదు. ఎవరో ఊడబీకి ఉంటారనుకుని, డెలివరీ బండి బ్రేకు ఒకటి తెచ్చి బిగించాడు.

గురువారం సాయంత్రం అసర్ నమాజయ్యేసరికి ఇసుక గాలి లేచింది. ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. తోటి పనివాడు నాగేందర్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"గిసోంటి గాలిల వద్దే అన్నా!"

"ఎల్లుండేరా నా బిడ్డ ఆపరేషను. తియ్ వీడియో."

మొదటి చుట్టులో, ఆ కాలపు పందెం బళ్ళలో పోసే ఆముదం కాలిన వాసన వచ్చింది. తను పోసింది మామూలు ఆయిలే. రెండో చుట్టులో వెనక ఇంకో ఇంజను చప్పుడు. తను తిరిగిన చోటల్లా అదీ తిరుగుతోంది. మూడో చుట్టు... మెడ మీద ఊపిరి. నాలుగో చుట్టు మలుపులో దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

భయంతో బ్రేకు తొక్కేశాడు.

వెనకనుంచి ఏదో వచ్చి తగిలింది. నొప్పి లేదు. మెత్తగా... చల్లగా... రెండు చేతులు నడుముని చుట్టుకున్నాయి.

ముగింపు గీత దాటాక గానీ బండి ఆగలేదు. తిరిగి చూశాడు. ఒక్కరే కూర్చునే సీటు. వెనక ఎవరూ లేరు.

"అయిపాయె అన్నా! పంపిన!" నాగేందర్ అరిచాడు.

కాసేపటికే ఎగ్జిట్ వచ్చింది. ఖయ్యూమ్ ఇంటికి ఫోను కలిపాడు.

"సాబేరా... ఎగ్జిట్ వచ్చె. ఈ రాత్రికే బయల్దేర్తాండా."

"ఎన్నిసార్లు చెప్తావబ్బా?" భార్య గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "ఇప్పుడే గదా ఫోన్ జేసి, ఇద్దరం వస్తాండామంటివి! అది సరే గానీ... ఆ తెల్లాయప్ప మన కూడు తింటాడా?"