పాయ అవతలి ఉప్పు గిడ్డంగి

బందరు రేవు దగ్గర, పాయకు అవతల, పాడుబడిన ఉప్పు గిడ్డంగి ఒకటి ఉందట. పొద్దుగూకాక ఆ ఛాయలకు పడవ కూడా పోదట. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరట.

ఈ సంగతి మా అమ్మాయి పావనికి వాళ్ల హాస్టల్లో వంట చేసే మునియమ్మ చెప్పింది. పావని నవ్వుతూ నాకు ఫోన్లో చెప్పింది. నేను నవ్వలేదు.

మేం ధర్మవరంలో మగ్గం నేసుకునేవాళ్లం. పావని బందరులో నర్సింగు చదువుతోంది. ఆ ఆదివారం హిందూపురం పిల్ల సాయిసుధతో కలిసి ఊరు చూసొస్తానంది. ఎక్కడికి పోతే అక్కడి ఫోటో పెట్టాలన్న షరతు మీద ఒప్పుకున్నాను.

పాండురంగస్వామి గుడి వచ్చింది. డచ్చివాళ్ల సమాధులు వచ్చాయి. మంగినపూడి బీచ్ వచ్చింది... తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.

"ఆ బిడ్డను కాస్త ఊపిరి పీల్చుకోనీయే," అన్నాడు మా ఆయన ఆంజనప్ప, మగ్గం గుంతలోంచి. "నువ్వు ఉండాల్సింది పోలీసు స్టేషన్లో."

చీకటి పడుతుండగా ఫోన్ మోగింది.

"మా... నీళ్లొస్తాండాయి."

"యాడ?"

"పాయలో. గిడ్డంగి చూద్దామని దాటొచ్చినప్పుడు ఉత్త ఇసకే. ఇప్పుడు నిండిపోతాంది. మబ్బు గూడా లేదు మా..."

మా చిత్రావతి ఏట్లో ఎగువన వాన పడితేనే నీళ్లు. వాన లేకుండా సముద్రమే పొంగి పాయలోకి ఎక్కుతుందని మా పిల్లలకు ఎవరు చెప్పాలి? నాకే తెలియదు.

వెనక సాయిసుధ గొంతు — ఏడుస్తూనే — "ఆంటీ, వార్డెన్‌కు చెప్పొద్దండి..."

"గోడ ఎక్కండి. ఎక్కి కూర్చో—"

ఫోన్ తెగిపోయింది.

మళ్లీ చేశాను. మళ్లీ... అందుబాటులో లేదు.

ఆయన పోలీసులకు చేశాడు. బందరులో ఎక్కడని అడిగారు. ఉప్పు గిడ్డంగి అన్న మాట తప్ప మాకేం తెలుసు? వెతికిస్తామన్నారు.

నేను మగ్గం పక్కన నేల మీద కూలబడ్డాను. అంత దూరానికి పరిగెత్తినా ఎప్పటికి చేరతాను... పావనీ, రా... రా తల్లీ... పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు.

ఎప్పటికో ఆయన ఫోన్ మోగింది. కొత్త నంబరు. స్పీకర్ పెట్టాడు.

"అంకుల్, నేను సాయిసుధను. హాస్టల్‌కొచ్చేసినాం. ఏమీ కాలేదు."

"పావని?"

"బట్టలు మార్చుకుంటాంది. ఆంటీ లేకుంటే ఏమైపోదుమో. బందరుకొచ్చినట్టు మాటైనా చెప్పలేదే? మమ్మల్ని బొత్తిగా నమ్మరబ్బా." ఆ పిల్ల నవ్వింది. "చీకట్లో నీళ్లకు అడ్డంపడి వచ్చి, ఇద్దర్నీ చెయ్యి పట్టి దాటించింది."

ఆయన నా వైపు చూశాడు.

"ఇప్పుడు... యాడుండాది ఆంటీ?"

"గేటు బయట. లోపలికి రమ్మంటే రాదు. పావనిని పిలుస్తాంది."

నేను ఫోన్ లాక్కున్నాను.

"సుధా... పావనిని పంపొద్దు. పట్టుకో దాన్ని."

"ఎవరు?"

"పావని వాళ్లమ్మను. ధర్మవరంలోనే ఉండాను... నేను యాడికీ రాలేదు."

అటువైపు, దూరంగా గేటు గొలుసు ఊడిన చప్పుడు... ఆ పిల్ల పరిగెత్తిన చప్పుడు...

"ఆంటీ," అంది చివరికి, గుసగుసగా. "పోయింది. వాళ్లమ్మే కదా అని... వార్డెనే గేటు తీసింది."