కుర్సీ పట్టీ

బుధవారం ఉదయం ఎలీసబెతు పడకగది గుమ్మం దాటి, అలవాటు ప్రకారం ఎడమచేతి వేళ్ళను హాలు గోడకు ఆనించి వంటింటి వైపు నడక సాగించింది. నాలుగు అడుగులు సజావుగా పడ్డాయి. అయిదవ అడుగులో మోకాలికి గట్టిగా తగిలినదేదో పెద్ద చప్పుడుతో నేల మీద పడింది. వంగి తడిమి చూస్తే, పొడుగాటి టేకు పట్టీల కట్ట.

“గోడకు ఎవరు పెట్టిన్రు గివి?”

“నేనే పెట్టించాను,” అన్నారు దేవసహాయం, వార్తాపత్రిక మీది నుండి దృష్టి మరల్చకుండా. “ఈ రోజు వడ్ల మొండయ్య వస్తాడని నిన్ననే చెప్పాను కదా. అంత పొడుగు కట్ట, ఎలీసబెతు. చూసి నడవవచ్చు.”

“చూడలె,” అన్నది ఆమె.

ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఆ సంగతి భర్తకు తెలియదు.

లక్సెట్టిపేటలోని ఆ ఇంట ప్రతి గురువారం సాయంత్రం స్త్రీల ప్రార్థన జరుగుతుంది. పాతికమంది వస్తారు. వారి కోసం గోడల వెంట కుర్చీలు వేస్తారు. ఏళ్ళ తరబడి ఆ కుర్చీల వీపులు ఒరుసుకుని సున్నం రాలిపోయింది. గోడ పొడవునా నల్లని చార ఒకటి పడింది. ఇంటికి కొత్త రంగులు వేయించే సందర్భం వచ్చినప్పుడు, గోడ చుట్టూ ఒక చెక్కపట్టీ కొట్టిస్తే కుర్చీలు దానికే తగులుతాయని కొడుకు స్టీఫెన్ భార్య ఆరాధన సలహా ఇచ్చింది. ఫోనులో బొమ్మలు కూడా చూపించింది. దానికి ఇంగ్లీషులో వేరే పేరు ఉన్నది గాని, వడ్రంగి మొండయ్య దానిని ‘కుర్సీ పట్టీ’ అన్నప్పటి నుండి ఆ ఇంట అదే పేరు స్థిరపడింది.

పట్టీ కొట్టించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎంత ఎత్తున కొట్టించాలన్న దగ్గరే వారం రోజులుగా ఆ ఇంటికి కుదురు లేకుండా పోయింది.

దేవసహాయం ముప్పై నాలుగేళ్ళు గణితం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన వ్యక్తి. చొక్కా జేబులో నేటికీ చెక్కిన పెన్సిలు ఉంటుంది. గోడ ఎత్తు పదిన్నర అడుగులు. పట్టీ రావలసినది మూడవ వంతున. అనగా నలభై రెండు అంగుళాలు. ఆయన లెక్క అక్కడితో ముగిసింది. కుర్చీ వీపు ముప్పై మూడు అంగుళాలే ఉన్నప్పుడు, పట్టీ నలభై రెండున కొడితే అది దేనికి అడ్డమని ఆరాధన అడిగింది. పట్టీ కింది భాగానికి ముదురు రంగు వేయిస్తామని, కుర్చీల గీతలు అందులో కలిసిపోతాయని ఆయన సమాధానమిచ్చారు. కొత్త రంగు మీద ఇంట్లో ఎవరి చేయీ పడకూడదని కూడా ఆదేశించారు.

ఆ చివరి మాట విన్న నాటి నుండి ఎలీసబెతుకు తిన్నది వంటబట్టడం లేదు.

పోయిన ఈస్టరు పండుగ నాటి నుండి ఆమె చూపు రెండు పక్కల నుండి మూసుకుపోతూ వచ్చింది. చుట్టిన కాగితంలో నుండి చూసినట్లు, ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపించేది. ఆరాధన ఆమెను పెళ్ళి చీరలు చూసే నెపంతో కరీంనగర్ తీసుకువెళ్ళి కంటి డాక్టరుకు చూపించింది. కంట్లో ఒత్తిడి పెరిగే నీటి కాసుల జబ్బని, పోయిన చూపు తిరిగి రాదని, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుందని ఆయన చెప్పాడు. ఆ మందు సీసా ఫ్రిజ్జులో చింతపండు డబ్బా వెనుక ఉంటుంది. ఆ రహస్యం అత్తాకోడళ్ళిద్దరిదే.

దాచడానికి కారణం ఉన్నది. పదహారేళ్ళ కిందట దేవసహాయం తల్లి దేవవ్వ వాకిట్లో కాలు జారి పడింది. ఎముక విరగలేదు. అయినా కొడుకు ఆమెను మంచం దిగవద్దన్నారు. ప్రేమతోనే అన్నారు. అన్నీ మంచం దగ్గరకే తెప్పించారు. పద్నాలుగు నెలల తరువాత దేవవ్వ ఆ మంచం మీదనే కన్నుమూసింది. తన సంగతి తెలిసిననాడు తనకూ ఒక కుర్చీ సిద్ధమవుతుందని ఎలీసబెతుకు తెలుసు. కాబట్టే ఆమె గోడను పట్టుకున్నది. వేళ్ళు ఆనించిన చోట ముప్పై మూడు అంగుళాలు. పట్టీ అక్కడ పడితే, ఆమెకు పట్టుకోవడానికి ఒక ఆధారం. నలభై రెండున పడితే అది ఆమె చంకల ఎత్తు.

మొండయ్య తొమ్మిదింటికి వచ్చాడు. సంచి దింపి, వంకర లేకుండా సరిచూసే రసమట్టం తీసి కిటికీ మీద పెట్టాడు.

“ఎంత ఎత్తున కొట్టాలె సారూ? ఇంట్ల అందరు ఒక్క మాట మీదికి వచ్చిన్రా, లేకుంటే నేను ఇంకో చాయ తాగి పోవాల్నా?”

“నలభై రెండు అంగుళాలు,” అన్నారు దేవసహాయం.

“ముప్పై మూడు,” అన్నది ఆరాధన వంటింట్లో నుండి. “మామయ్యా, ఫోన్ల సుత కుర్సీ ఎత్తునే పెట్టుమని రాసిన్రు.”

“ఫోను నాకు జామెట్రీ నేర్పనవసరం లేదమ్మా.”

“జామెట్రీ కాదు, మీ మాట. ఈ ఇంట్ల గోడ సుత మీరు చెప్పినకాన్నే నిలవడాలె.”

“ఆరాధనా, జర ఊకో బిడ్డా,” అన్నది ఎలీసబెతు. తరువాత తన గొంతు తనకే కొత్తగా వినిపించేటట్లు, “స్టీఫెన్ బాపూ, పట్టీ కిందికే కొట్టియ్యుండ్రి. నాకు గట్లనే కావాలె,” అన్నది భర్తతో.

నలభై ఆరేళ్ళ కాపురంలో ఆమె ‘నాకు కావాలె’ అన్న సందర్భాలు దేవసహాయానికి గుర్తు లేవు. ఆయన పత్రిక మడిచారు.

“కారణం?”

“కుర్సీలు గీరుకుంటయి.”

“దానికి సమాధానం చెప్పాను. మరొక కారణం?”

ఎలీసబెతు చేతులు కొంగులో చుట్టుకున్నది.

“కారణం లేని కోరికను నేను తరగతి గదిలో కూడా ఒప్పుకోలేదు. కొట్టు, మొండయ్యా.”

మొండయ్య కొలత టేపు లాగాడు. పెన్సిలు గుర్తు పెట్టబోతూ, కింద ఉన్న నల్లని చార వైపు చూసి ఆగాడు. వేలితో రుద్ది, వేలు వాసన చూశాడు.

“సారూ, గీ మరక కుర్సీలది కాదు.”

“మరి?”

“కుర్సీ గీరుకుంటే సున్నం లేస్తది, గరుకైతది. గా కింద ఉన్నయి సూడుండ్రి, గవి కుర్సీ గీతలు. గిదేమో నున్నగుంది. తలకు పెట్టుకునే నూనె. మనిషి చెయ్యి.”

దేవసహాయం లేచి వచ్చారు. కళ్ళద్దాలు సవరించుకుని చార మీద వేలు పెట్టారు. దాని వెంటే కదిలారు. చార కిటికీ కింద నుండి సాగి, మూలన మలుపు తిరిగి, స్నానాల గదికి వెళ్ళే సందులోకి పోయింది. ఆ సందు వెడల్పు రెండడుగులు. అందులో ఏనాడూ కుర్చీ పట్టలేదు. అయినా చార స్నానాల గది తలుపు దాకా ఉన్నది. ఆయన వెనుకకు వచ్చి రెండవ కొస వెదికారు. అది తమ పడకగది గుమ్మం దగ్గర మొదలైంది.

ఆ గుమ్మం నుండి గోడకు చేయి ఆనించి నడిచేవారు, తాను కాకపోతే, ఇంట్లో ఇంకొక్కరే. ఆయన లెక్క అంతకంటే ముందుకు పోవలసిన అవసరం లేకపోయింది.

“ఎన్నాళ్ళ నుండి?” అన్నారు, భార్య వైపు తిరిగి.

“పోయిన ఈస్టర్ నుంచి.”

“ఏమి కనిపిస్తుంది?”

“ముంగట ఉన్నది కనపడ్తది. ఇప్పుడు మీరు కనపడ్తున్నరు. పక్కకు జరిగితే కనపడరు.”

ఆరాధన కన్నీళ్ళు తుడుచుకుంటూ డాక్టరు చెప్పినది చెప్పింది, చింతపండు డబ్బా సంగతితో సహా. దేవసహాయం ముఖం ఎర్రబడింది. కోపమో భయమో ఆయనకే తెలియలేదు. గబగబా వెళ్ళి, హాలు మధ్యలో ఉన్న తన టేకు కుర్చీని లాక్కొచ్చి ఎలీసబెతు ముందు వేశారు.

“కూర్చో. ఇక నీవు ఈ కుర్చీ దిగడానికి వీల్లేదు. ఏది కావాలన్నా ఆరాధన తెచ్చి ఇస్తుంది. ప్రార్థన కూడా ఇక్కడే, కూర్చున్న చోటనే.”

“కూసోను,” అన్నది ఎలీసబెతు.

“ఎలీసబెతు.”

“కూసోనంటే కూసోను. మీ అమ్మను గిట్లనే కూసోబెట్టిన్రు.”

మొండయ్య సుత్తిని చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

“మా అమ్మకు ఏ లోటూ చేయలేదు నేను,” అన్నారు దేవసహాయం. 

“లోటు చెయ్యలె. మంచంల నుంచి కాలు కింద పెట్టనియ్యలె. ‘ఒక్కసారి వాకిట్ల దాక తోల్కపో బిడ్డా, ఎండ సూస్త’ అని దినాం అడుగుతుండె. మీరు బడికి పోయినంక అడుగుతుండె. నేను తోల్కపోలె. మీకు తెలిస్తే ఏమంటరో అని భయపడ్డ. గా పాపం నాకు సుత ఉంది.”

“నన్ను ఎందుకు అడగలేదు అమ్మ?”

ఈ మాట ఎలీసబెతు చెప్పకుండా ఉండవచ్చు. కానీ ఏడాదిగా దాచింది చాలు.

“మీరు కొడుకు లెక్క ఉంటే అడుగుతుండెనేమో. మీరు ఇంట్ల సుత సారే గదా.”

దేవసహాయం, భార్య కోసం తెచ్చిన కుర్చీలో తానే కూర్చున్నారు. ముప్పై నాలుగేళ్ళు ఎందరో పిల్లలను నిలబెట్టి సమాధానాలు చెప్పించిన మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన పాదాల వైపు చూస్తూ ఉండిపోయారు.   ఆరాధన మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగలేదు. గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

కొంతసేపటికి గ్లాసు కింద పెట్టి, జేబులోని పెన్సిలు తీశారు.

“మొండయ్యా, ఆ రసమట్టం పక్కన పెట్టు.”

“పెట్టిన సారూ.”

“ఎలీసబెతు, నడువు. నీవు రోజూ ఎట్లా నడుస్తావో అట్లాగే.”

ఆమె పడకగది గుమ్మం దగ్గరకు వెళ్ళి, ఎడమచేతి వేళ్ళను గోడకు ఆనించింది. ఆమె నడిచింది. ఆయన వంగి, ఆమె వేళ్ళ కింద అడుగడుగునా పెన్సిలుతో గుర్తు పెడుతూ వెంట వెళ్ళారు. ఒక చోట ఆమె చేయి జారి, ఆ గుర్తు కాస్త కిందికి దిగింది. వంటింటికి వచ్చేసరికి ఆమెకు ఆయాసం వచ్చి, గీత మరొక అంగుళం వాలింది.

“పట్టీ వంకరొస్తది సారూ,” అన్నాడు మొండయ్య. “సూసినోళ్ళు నన్ను నవ్వుతరు.”

“దేవసహాయం సారు కొలిచిన కొలత అని చెప్పు. నన్ను నవ్వుతారు.”

ఆరాధన ఏడుస్తూనే నవ్వింది. పట్టీ సందులో కూడా కొట్టాలని, స్నానాల గది తలుపు దాకా రావాలని నిర్ణయమైంది. మొండయ్య కర్ర లెక్క చూసుకుని, సరిపోతుందన్నాడు.

“ముందు గుమ్మం దాటి, వాకిట్లోకి?” అని అడిగారు దేవసహాయం.

“గంత దూరమంటే సరిపోదు సారూ. ఇంకా కట్టె తేవాలె.”

“తీసుకురా.”

దేవసహాయం పెన్సిలుతో ముందు గుమ్మం దాకా గుర్తులు పెట్టారు. ఎలీసబెతు అక్కడ ఆగింది. గుమ్మం వెడల్పు మూడున్నర అడుగులు. అంత మేర గోడ లేదు. పట్టీ కొట్టడానికి ఏమీ లేదు. అవతల, ఒకనాడు దేవవ్వ చూస్తానన్న వాకిట్లో, తొమ్మిదిన్నర ఎండ పరచుకుని ఉన్నది.

దేవసహాయం పెన్సిలును జేబులో పెట్టుకున్నారు. గుమ్మానికి అడ్డంగా తన ముంజేతిని చాచి, కదలకుండా పట్టుకున్నారు.

“ఎత్తు సరిపోయిందా?”

ఎలీసబెతు తడిమి, ఆ చేతి మీద తన చేయి వేసింది.

“జర కిందికి,” అన్నది.

ఆయన కిందికి దించారు.