ఉప్పు నిలవని నీళ్ళు

మా పెరట్లో ఉన్నది ఉప్పునీటి స్విమ్మింగ్ పూల్. దర్జా కోసం కట్టించింది కాదు. స్కూటర్ మీంచి పడి మా అమ్మాయి చిట్టి కుడికాలు చచ్చుబడిపోయింది. రోజూ నీళ్ళలో ఆడిస్తే కదలిక రావచ్చని డాక్టరు చెప్పారు. మందు కలిపిన మామూలు పూల్ నీళ్ళు దాని గాయాల్ని మండించేవి. ఉప్పునీళ్ళు అంతగా మండించవన్నారు.

పూల్‌ని చూసుకోవడం నా వంతు. పొద్దున్నే వలతో ఆకులు తీయాలి, పంపు దగ్గర బుట్ట దులపాలి, మీటరు ముంచి ఉప్పు చూడాలి. ఎండకి నీళ్ళు ఆవిరవుతాయిగానీ ఉప్పు ఎక్కడికీ పోదు. నీళ్ళు కారిపోతేనే ఉప్పు కూడా పోతుంది. మా పూల్‌లో నీళ్ళు బొట్టు కూడా కారడం లేదు. ఉప్పు మాత్రం రోజూ తగ్గేది. మీటరు మార్చాను. పైపులన్నీ తడిమి చూశాను. బస్తాల కొద్దీ పోస్తూనే ఉన్నాను.

"పెరట్లో సముద్రాన్ని పెంచుతున్నారా ఏమిటి?" అనేది మా ఆవిడ.

అసలే మొండివాణ్ణి, నాకు తిక్క రేగింది. ఉప్పు పోయడం మానేసి, ఎంతదాకా తగ్గుతుందో తేల్చుకుందామనుకున్నాను. వారం తిరక్కుండానే మీటరు సున్నాకి వచ్చేసింది.

ఆ సాయంత్రం కూడా చిట్టిని నీళ్ళలోకి దించాను. నేనూ దిగి వీపు కింద చెయ్యి పెట్టి తేలనిస్తే, మంచి కాలు ఆడిస్తూ రెండోదాన్ని కదపాలని తంటాలు పడుతోంది. పొద్దు గుంకింది. లైటు వెయ్యమని మా ఆవిడకి చెబుతుండగానే కరెంటు పోయింది. పంపు హోరు ఆగిపోయింది. ఆ హోరు కింద ఇన్నాళ్ళూ వినపడని చప్పుడొకటి అప్పుడు వినిపించింది.

చప్... చప్... చప్...

లోతు వైపు నుంచి. ఆవు దూడని నాకుతున్నట్టుంది. తడి గోనెసంచి వాసన ముక్కుకి తగిలింది.

"నాన్నా..." చిట్టి గుసగుసలాడింది. "ఎవరో వచ్చారు."

"ఎవరూ లేరమ్మా. నీళ్ళ చప్పుడది."

"కాదు... నా కుడికాలు నాకుతున్నారు."

చచ్చుబడ్డ కాలికి తెలిసేదేమిటి? చంకల కింద చేతులేసి దాన్ని గట్టు వైపు లాగాను. రాలేదు. రెండో వైపు ఏదో పట్టుకుని ఉంది... తొందరేమీ లేనట్టు. నా మడమకి కూడా తగిలింది. గరుగ్గా. వెచ్చగా.

అప్పుడు తట్టింది నాకు. చెమట. కన్నీళ్ళు. రక్తం. ఆ నీళ్ళలో ఇంక ఉప్పంటూ ఉన్నది మా ఇద్దరి ఒంట్లోనే.

"ఉప్పు బస్తా... లోతు వైపు పోసెయ్..." మా ఆవిడకి చెప్పాననుకుంటాను. తనే ఎలాగో బస్తా ఈడ్చుకొచ్చి చీకట్లో గుమ్మరించింది. చప్పుడు అటు మళ్ళింది. పట్టు వదిలింది.

చిట్టి కాలి మీద ఒక్క గీత లేదు. పెదాలు మాత్రం తెల్లగా పాలిపోయాయి. పలకడం లేదు. రక్తంలో ఉప్పు అడుగంటిపోయిందని ఆసుపత్రిలో రాత్రంతా సెలైన్ ఎక్కించారు. పిల్ల దక్కితే చాలని మంచం పక్కనే కూలబడ్డాను. తెల్లారాక డాక్టరు వచ్చి, ఇంక భయం లేదు, రక్తం బాగానే ఉందన్నారు. మా ఆవిడ ఆయనకి చేతులెత్తి దండం పెట్టింది.

"నాన్నా, కాలు చూడు," అంది చిట్టి. దుప్పటి కింద కుడికాలి వేళ్ళు కదులుతున్నాయి... తొందరేమీ లేనట్టు. అది ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు. దగ్గరికి తీసుకుని కళ్ళ మీద ముద్దు పెట్టుకున్నాను.

దాని కన్నీళ్ళు నా పెదాలకి తగిలాయి. చప్పగా ఉన్నాయి, వాననీళ్ళలా. నమ్మలేక రెండో కంటి కింద వేలితో తుడిచి, నాలుక మీద పెట్టుకున్నాను.

అవీ అంతే.