కాంటాకు అందని బరువు

అయినా గేటు దాకా వెళ్లి వచ్చిన పిల్ల ముఖం ఎందుకలా మాడిపోయింది, ఫ్లెక్సీ మీద ఫొటో నచ్చలేదా, పేరులో అక్షరం తప్పు పడిందా? జగదేవప్ప చేతిలో చాయ్ చల్లారిపోతోంది. నారాయణఖేడ్‌లో అతని ధర్మకాంటా మీద ముప్పై ఏళ్లుగా కందుల లారీలు తూగుతున్నాయి. నిండు లారీ ఒకసారి, సరుకు దించాక ఖాళీ లారీ ఒకసారి. తేడాయే సరుకు బరువు. అతను చెప్పిన అంకెను ఎవరూ రెండోసారి అడగలేదు. అది అతని గర్వం. అంతకన్నా పెద్ద గర్వం రాత్రే గేటుకు కట్టించాడు: "న్యూట్రినో బరువు కనుగొన్న మా ఊరి బిడ్డ శైలశ్రీ." ఇవాళ పదకొండింటికి ఆమెకు సన్మానం.

జర్మనీలో న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణం బరువు తేల్చే ప్రయోగ బృందంలో పనిచేస్తున్న కూతురు సెలవు మీద వచ్చి నాలుగు రోజులైంది.

"అప్పా, గా ఫ్లెక్సీ తీసెయ్. మేం బరువు కనుక్కోలే. ఎలక్ట్రాన్ బరువుల పదిలక్షల వంతు కన్న తక్కువని మాత్రమే తేల్చినం. అసలెంతో తెల్వది."

"ఏండ్లకేండ్లు తూచి తెల్వదంటవా?"

"తెల్వది."

"గీడెవలకు తెలుస్తదే! కనుక్కున్నరంటే ఏం పోతది? మార్కెట్ల అందరికి చెప్పుకున్న."

"పిల్లను అడిగి కొట్టిచ్చినవా?" వంటింట్లోంచి భార్య శివగంగ అందుకుంది. "లారీల తూకమే సక్కగ చెప్తవు. బిడ్డ సంగతొస్తే నీ నోటికి కాంటా లేదు."

శైలశ్రీ నవ్వలేదు. "కాంటా చూపియ్యని అంకె నువ్వెప్పుడన్న చీటీ మీద రాసినవా, అప్పా?"

జగదేవప్ప తల దించుకున్నాడు. కోపం వచ్చింది. అది కూతురి మీద కాదని కాసేపటికి తెలిసింది. ఆ ఫ్లెక్సీ మీద ఆమె పేరు చదివిన ప్రతిసారీ అతను చూసుకున్నది తన ముఖాన్నే.

"చిన్నప్పుడు పిల్లిని తెచ్చి కాంటా మీద పెట్టిన, యాదుందా? సున్నా వచ్చింది. పిల్లికి బరువే లేదా అని ఏడ్చిన," అంది శైలశ్రీ.

యాదుంది. పది కిలోలకు తక్కువైతే ఆ కాంటా కదలదు. "పిల్లి బరువు పిల్లికుంది, నా కాంటాకే అందలే అన్న."

"మేం చెప్పేది గూడ గదే. న్యూట్రినో కంటికి చిక్కదు. దానితోటి పుట్టిన ఎలక్ట్రాన్ల శక్తి కొలుస్తం. ఉండాల్సిన దానికన్న ఎంత తగ్గిందో చూసి, గండ్ల దాని బరువు దేవులాడుతం. నిండు లారీ, ఖాళీ లారీ. నీ పనే, అప్పా."

"నా పనే," అన్నాడు మెల్లగా. మళ్లీ అన్నాడు.

లేచి, కాంటా గదిలోంచి నల్లరంగు డబ్బా, కుంచె, స్టూలు తెచ్చాడు. గేటు దగ్గర స్టూలెక్కి "కనుగొన్న" అన్న మాటను కొట్టేశాడు. దాని పైన, చీటీల మీద రాసే పొందికైన అక్షరాలతో రాశాడు: "తూస్తున్న".