అమ్మాయి ఇంటికొచ్చే దారి

ఆ ఇంట్లో పొద్దున్నే హడావుడి. తల్లి ఆసుపత్రిలో నర్సు, ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. తండ్రి పురపాలక కార్యాలయంలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. పదహారేళ్ల కూతురిది గలగలా మాట్లాడే నోరు. అందుకే ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు.

ఆ రోజు తండ్రి టీ తాగుతూ, సాయంత్రం జరగబోయే సమావేశం కాగితం తిరగేశాడు. మాట్లాడేవాళ్ల జాబితాలో కూతురి పేరు కనిపించింది.

"ఇదేమిటే? నీ పేరుందేం?"

"మా యువజన సంఘం తరఫున నాన్నా. కొత్త పార్కు గురించి పిల్లల్ని కూడా చెప్పమన్నారు."

"ఏం చెప్తావేమిటి?"

"పార్కు బాగానే ఉంది. చుట్టూ ఆ గోడే వద్దంటాం."

టీ కప్పు ఠక్కున బల్లమీద పడింది. నాలుగు నెలలు కూర్చుని ఆయన గీసిన ప్లాను అది.

"గీసింది నేనని తెలిసే అంటున్నావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!"

"ముందు దాని మాట వినండి," అంది తల్లి, జడ వేసుకుంటూనే.

"నిన్నగాక మొన్న ఓనమాలు దిద్దింది. నాకు ప్లాన్లు నేర్పుతుందా?"

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేర్పడం కాదు నాన్నా. నాలుగు నెలల్లో ఒక్కసారి అడిగినా నీకే చెప్పేదాన్ని."

తినకుండానే సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం లైబ్రరీ హాలు నిండిపోయింది. గోడమీద ప్లాను, పక్కన తండ్రి, ముందు కుర్చీలో పురపాలక అధికారి. పెద్దలంతా మెచ్చుకున్నారు. చివర్లో కూతురు లేచింది.

"మేం అరవై ఇద్దరు పిల్లల్ని అడిగాం, సాయంత్రం లైబ్రరీ నుంచి ఇంటికి ఎటు వెళ్తారని. అందులో ముప్ఫై ఒక్కమంది ఆడపిల్లలు. వాళ్లలో ఇరవై ఆరుగురు గోదాం పక్క సందులోంచి రారు. రెండేళ్ల కిందట అక్కడ ఒకమ్మాయి వెంట ఇద్దరు పడ్డారు. ఒక పక్క గోదాం గోడ, ఇంకో పక్క పార్కు స్థలానికి కట్టిన రేకుల దడి. కేకేసినా వినేవాళ్లు లేరు. చెప్పు జారిపోతే వదిలేసి పరుగెత్తింది. ఇప్పుడు ఆ దడి తీసేసి, పార్కుకి ఏడడుగుల గోడ కడతామంటున్నారు. ప్లానులో ఉన్న ఒక్క గేటు కూడా అవతలి వీధిలోనే."

"ఆ అమ్మాయి ఇంట్లో చెప్పలేదా?" అడిగాడు అధికారి.

"లేదు సార్. చెబితే లైబ్రరీ మాన్పిస్తారని."

తండ్రికి రెండేళ్ల కిందట ఒంటి చెప్పుతో గుమ్మంలో నిలబడ్డ కూతురు గుర్తొచ్చింది. చెప్పు తెగిపోయిందని, పారేశానని చెప్పింది. వస్తువంటే లెక్కలేదని తను తిట్టాడు కూడా. అన్నీ చెప్పే పిల్ల ఆ ఒక్కటీ దాచుకుంది.

"మీరేమంటారు?" అధికారి ఆయనవైపు తిరిగాడు.

ఆయన లేచాడు.

"గోడ వద్దు సార్. లోపలివాళ్లు సందులోకి, సందులోవాళ్లు లోపలికి కనబడేలా కంచె వేద్దాం. సందు వైపు ఇంకో గేటు, దీపాలు. ఇన్నాళ్లూ దారులు గీశాను గానీ, వాటిలో నడిచే పిల్లల్ని అడగలేదు. ఈసారి వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని గీస్తాను."

బయట మెట్ల దగ్గర కూతురు నిలబడి ఉంది.

"కోపమొచ్చిందా నాన్నా?"

"రోజూ ఎటు నుంచి వస్తావమ్మా ఇంటికి?"

"బేకరీ వీధి చుట్టూ తిరిగి."

"పద, అటే వెళ్దాం."

సందులోంచి ఐదు నిమిషాల దారి. అటు నుంచి పాతిక నిమిషాలైనా ఇల్లు రాలేదు. ఆయనకు ఆయాసం వచ్చింది.

"రోజూ ఇంత దూరమా?"

"అలవాటైపోయింది."

ఆయన ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నువ్వు భయపడింది నిజమే తల్లీ. అప్పుడు చెప్పి ఉంటే లైబ్రరీయే మాన్పించేవాణ్ణి. సందు సంగతి ఆలోచించేవాణ్ణి కాదు."

కూతురు ఆయన చేయి పట్టుకుంది. "ఇప్పుడు చెప్పాగా."

"ఊరందరితో పాటు విన్నాను. నాకు చెప్పనివి ఇంకేమైనా ఉంటే, ఇప్పుడు చెప్పు."

కూతురు మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఆయన ఒక్కసారి కూడా అడ్డురాలేదు.