నాపరాళ్ల మీద ఇంజను

అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, మిరపకాయల కాలం. పొద్దున్నే టీ గ్లాసులతో వాకిట్లోకి వచ్చిన మాణిక్యమ్మకు గుండె ఆగినంత పనయింది. మొగుడు అంకమ్మరావు గోనెపట్టా పరిచి లారీ కిందికి దూరుతున్నాడు. మామ పిచ్చియ్య ఇంజను కింద నాపరాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన జాకీ పెడుతున్నాడు.

లారీ క్లచ్ ప్లేటు కాలిపోయింది. మార్చాలంటే గేరుబాక్సు దించాలి. అది దిగితే ఇంజను వెనక భాగానికి ఆధారం ఉండదు, కింద నుంచి ఏదో ఒకటి మొయ్యాలి. మాచర్లలో ఎవరి వాకిట్లో చూసినా నాపరాళ్లే కదా! చేతికందినవే పేర్చాడు పెద్దాయన.

"ఏవయ్యా, లేచి ఇవతలికి రా" అంది మాణిక్యమ్మ.

"రేపు వెల్దుర్తిలో మిర్చి లోడెత్తాలి. అడ్డం రామాక" అన్నాడు అంకమ్మరావు.

"లోడు పోతే ఇంకోటి వచ్చుద్ది. నువ్వు పోతే?"

పిచ్చియ్యకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన మాటంటే మాటే, తప్పయినా సరే. "ఏమే, గనిలో రాళ్లు మోసినదానివి, నాకు లారీ పని చెప్తావా?"

"మోశాను గాబట్టే చెప్తున్నా మామా! ఇది నేల మీద పరిచే రాయి. పొరలు పొరలుగా ఉంటది. ఒక్కచోట బరువు పడితే చెప్పకుండా పగులుద్ది. మా నాయన కాలు ఎట్టా పోయిందో మీకు తెలవదా?"

"మరి దేనిమీద నిలబెట్టమంటావ్? నా నెత్తి మీదా?"

"కొట్టంలో ఎడ్లబండి ఉందిగా. దాని తుమ్మ దుంగలు కోసి పెట్టండి."

అమ్మో, అనరాని మాట అననే అంది! ఎద్దులు పోయి పదేళ్లయినా ఆ బండిని పిచ్చియ్య ఎవరినీ ముట్టనివ్వడు. దానిమీద రాళ్లు తోలే ఆయన ఇంతవాడయ్యాడు.

"బండి మీద చెయ్యేస్తే ఈ ఇంట్లో ఉండవు!" అని గర్జించాడు.

"ఉండనులే. ముందు ఈయన్ని బయటికి లాగి పోతా." గ్లాసులు అరుగు మీద పెట్టి, మొగుడి కాళ్లు పట్టుకుని బరబరా లాగేసింది. "ఇప్పుడు మనిషి లేకుండా బరువెత్తి చూడండి. రాయి నిలబడిందా, ఈపూటే పుట్టింటికి పోతా."

పిచ్చియ్య పళ్లు కొరుకుతూ బయటినుంచే జాకీ కడ్డీ కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. టప్పుమంటూ పైరాయి రెండుగా పగిలింది. జాకీ ఒరిగి గోనెపట్టా మీద పడింది, సరిగ్గా అంకమ్మరావు తల పెట్టాల్సిన చోట. గేరుబాక్సు ఇంకా విప్పలేదు కాబట్టి ఇంజను కదల్లేదు.

అంకమ్మరావు నేలమీద చతికిలబడ్డాడు. పిచ్చియ్య గోనెపట్టా వంకే కాసేపు చూసి, కొట్టంలోకి వెళ్లాడు. లోపల్నుంచి రంపం చప్పుడు వినిపించింది.

గంట తరవాత ఆయనే తుమ్మ దుంగలు భుజాన వేసుకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుంగల్ని అడ్డంగా, నిలువుగా వెడల్పుగా పేర్చి, "ఇన్నాళ్లు నన్ను మోసింది. ఇక నా కొడుకుని కాయనీ" అన్నాడు. "అమ్మా, నువ్వు చూసి సరేనంటేనే వాడు కిందికి దూరేది."

మాణిక్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, దుంగలు కొట్టి చూడ్డానికి సుత్తి అందుకుంది.

"నేను చూడకుండా దూరనిస్తానా మామా? మీరు చెప్పినా, చెప్పకపోయినా!"